కళ్ళు ఆర్పమని అడిగిన మిషను

మా సంఘంలో జబ్బు నుంచి లేచినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెబుతారు. నేనూ చెప్పాను. మా ఆయన నా నడుం పట్టుకుని నిలబెడితే, ప్రాణం నిలిపిన దేవునికి, విశాఖపట్నంలో వైద్యం చేసిన డాక్టర్లకు, జావలు కాచి పంపిన స్త్రీల సమాజం వాళ్ళకు, ఒక్కొక్కరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే అది సగమే. మిగిలిన సగం కోపం. ఆ సగాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి జబ్బు ఇంకొకరి ఇంట్లో వస్తే, నేను చేసిన తప్పు వాళ్ళు చేయకుండా ఉండాలని.

నా పేరు ఎస్తేరమ్మ. మాది నర్సీపట్నం. మా ఆయన ప్రకాశం గారు ఆటో నడుపుతారు. నేను జీడిపప్పు షెడ్డులో పప్పు మీద పొట్టు తీసే పని చేస్తాను. బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆయన చెప్పిన చదువుతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. కోపానికి మాత్రం మన్నింపు అడగను.

జూలై నెలాఖరు

ముందు నాలుగు రోజులు కడుపు పాడైంది. అది తగ్గిన వారానికి అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. ఇసకలో నడుస్తున్నట్టుండేది. షెడ్డులో కూర్చుంటే వేళ్ళలోంచి పప్పు జారి కింద పడిపోతోంది. పక్క పీట మీద కూర్చునే అప్పలనరసమ్మ నవ్వింది.

"ఏటే ఎస్తేరూ, పప్పంతా నేలకి పెడతన్నావు. సీమల్ని గానీ పెంచుతన్నావేటి?"

నేనూ నవ్వాను. నవ్వితే పెదవి ఒక పక్కకి రాలేదు. ఆ సంగతి ఆమె చూసింది, నేను చూసుకోలేదు.

రెండు రోజులకి మెట్టు ఎక్కలేకపోయాను. మూడో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయాను. మా వదినగారు సుగుణమ్మ, అంటే మా ఆయనకు అక్క, మాతోనే ఉంటారు. ఆవిడ గిన్నెతో గంజి తెచ్చి, "నీరసమే తల్లీ. ఇది తాగితే బేగి లేస్తావు" అన్నారు. గంజి గొంతు దిగలేదు. ముక్కులోంచి వచ్చింది. అప్పుడు ఆవిడ గిన్నె అక్కడే వదిలేసి, "ఒరే ప్రకాశం, ఆటో తియ్" అని అరిచారు. వదినగారు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

ఆగస్టు

విశాఖపట్నంలో పెద్దాసుపత్రి. మన ఒంట్లోని కాపలావాళ్ళే దారి తప్పి మన నరాల మీద పడ్డారని డాక్టరమ్మ గారు మా ఆయనకు చెబుతుంటే మంచం మీద నుంచి విన్నాను. వినడం ఒక్కటే మిగిలింది నాకు. చేతులు లేవవు, కాళ్ళు లేవవు, మాట ముక్కులోంచి వస్తుంది, ముఖం కదలదు. ఊపిరి కూడా ఆగుతుందేమోనని వారం రోజులు గాజు తలుపుల గదిలో ఉంచారు. ఆ వారం గురించి ఎక్కువ రాయను. భయపడ్డాను. ప్రాణం పోతుందని కాదు, ప్రాణం ఉండి నేను లోపల ఉన్నానని ఎవరికీ తెలియకుండా పోతుందేమోనని.

కనురెప్పలు కూడా మూతపడేవి కావు. పడుకునే ముందు నర్సమ్మ చుక్కల మందు వేసి, రెప్పల మీద ప్లాస్టరు అంటించేది. మా పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేసినప్పుడు వదినగారు నా పైట కొంగు ముఖం మీదికి లాగేవారు. ఒకరోజు మరిచిపోయారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తప్ప. మా ఆయన ముఖం చూశాను. పెళ్ళై ఇన్నేళ్ళలో ప్రార్థన చేసేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. చిన్నపిల్లాడిలా ఉంది. ఆ చూపు ఇచ్చినందుకు ఆ జబ్బుకి కూడా వందనం చెప్పాను.

గది బయట బెంచీ మీద మా ఆయన పక్కన ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒక తల్లి ఉండేది. కొడుక్కి యాక్సిడెంటు. ఆమె తన కొడుక్కి తెచ్చిన కొబ్బరినీళ్ళలో సగం మా ఆయనకు పోసి, "నువ్వు తాగు నాయనా. నువ్వు పడిపోతే ఆయమ్మనెవుడు సూస్తాడు?" అనేదట. ఆమె పేరు కూడా అడగలేదని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గారు ఒకటే మాట గట్టిగా చెప్పారు. "నరాలు తిరిగి వస్తాయమ్మా, నిదానంగా. కానీ ఈ మొదటి నెలల్లో చేతులకి రోజూ థెరపీ జరగాలి. ఒక్కరోజు కూడా మానకండి. వేళ్ళు బిగుసుకుపోతే మళ్ళీ విప్పడం కష్టం." నా చేతులంటే నా తిండి, నా స్నానం, నా పని. ఆ మాట మా ఆయన గోడ మీద కాలెండరులో రాసి పెట్టారు.

సెప్టెంబరు

మా ఊళ్ళో కొత్తగా పెట్టిన థెరపీ కేంద్రంలో నాకు మూడు నెలల థెరపీకి అనుమతి వచ్చింది. ఎంత సంతోషించామో చెప్పలేను. ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. లోపల గౌరి అనే అమ్మాయి థెరపిస్టు. అద్దాల తలుపులోంచి మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది.

కానీ ఆమె దగ్గరికి వెళ్ళాలంటే ముందు మిషను దగ్గర హాజరు పడాలి. నిలువెత్తు మిషను, మధ్యలో తెర. దాని మీద రంగుల అక్షరాలతో రాసి ఉంది: తాకండి, మాట్లాడండి, చూడండి, మీకు ఎలా వీలైతే అలా. మూడు దారులు. ఒకటి కాకపోతే ఇంకొకటి. అది చదివి నేను లోపల స్తోత్రం అనుకున్నాను. ఎవరో నాలాంటివాళ్ళ గురించి ఆలోచించారు కదా అని.

మొదటి రోజు వదినగారు, "కొత్త పని. ప్రార్థన చేసుకుని మొదలెడదాం" అన్నారు. మా ఇంట్లో పొయ్యి వెలిగించాలన్నా ప్రార్థన చేసే వెలిగిస్తాం. అప్పటికే మా ఆయన తెర మీద నా నంబరు నొక్కేశారు. వదినగారు కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టారు. ఆవిడ ప్రార్థనలో దేశనాయకులు, వానలు, అనాథలు, మా వీధి వాళ్ళందరూ వస్తారు. ఆమెన్ అనేసరికి తెర ఎర్రగా మారిపోయింది. "సమయం ముగిసింది. ఒక ప్రయత్నం విఫలమైంది." రోజుకి మూడే ప్రయత్నాలట.

"ఓలమ్మో, దేవుడు ఆగినాడు గానీ ఇది ఆగనేదు" అన్నారు వదినగారు. ఆరోజు నేను నవ్వుకున్నాను. నవ్వు ముఖం మీదికి రాలేదు గానీ నవ్వుకున్నాను.

రెండో ప్రయత్నం వేలు. మా ఆయన నా చెయ్యి ఎత్తి బొటనవేలు మిషను మీద పెట్టారు. జీడి సొన తగిలి తగిలి షెడ్డు ఆడవాళ్ళ వేళ్ళ మీద గీతలు ఉండవు. ఎక్కడ వేలు పెట్టినా మాకు ఇదే గోల. "మన ఏళ్ళు దేవుడికి తప్పితే ఇంకెవుడికీ గురుతుండవే" అంటుంది అప్పలనరసమ్మ. పడలేదు.

మూడోది గొంతు. "మీ పేరు స్పష్టంగా చెప్పండి." చెప్పాను. ముక్కులోంచి గాలి వచ్చింది. "క్షమించండి, మళ్ళీ చెప్పండి." మళ్ళీ చెప్పాను. వదినగారికి ఒళ్ళు మండింది. "సెప్తంది కదే! నీకు సెవుల్లేవేటి?" అని మిషను మీద కేకేశారు. "ఒకరు మాత్రమే మాట్లాడండి" అంది అది, మెత్తగా. మూడు ప్రయత్నాలూ అయిపోయాయి. గౌరి అద్దం అవతల నిలబడి ఉంది. నేను ఇవతల చక్రాల కుర్చీలో ఉన్నాను. ఇంటికి తిరిగి వెళ్ళిపోయాం.

మర్నాడు ముఖం. తెర మీద నా ముఖం చుట్టూ గుండ్రటి గీత వచ్చింది. పచ్చగా మారింది. ఎస్తేరమ్మ అని నా పేరు కూడా వచ్చింది. గుర్తుపట్టింది! మా ఆయన నా భుజం నొక్కారు. అప్పుడు అది అడిగింది: "మీరు జీవించి ఉన్న వ్యక్తి అని నిర్ధారించుకోవడానికి, కళ్ళు ఆర్పండి."

ఆర్పలేను. ఫొటో చూపించి ఎవరూ మోసం చేయకుండా ఆ ఏర్పాటని కౌంటరులో కూర్చునే ఆయన చెప్పాడు. మంచిదే. కానీ నేను ఎదురుగా ఉన్నాను. ఊపిరి తీస్తున్నాను. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "కళ్ళు ఆర్పండి. కళ్ళు ఆర్పండి." నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. అది నన్ను చూస్తూనే ఉంది. చివరికి, "నిర్ధారణ కాలేదు" అంది.

"మూడు దారులున్నాయి కదమ్మా, ఏదో ఒకటి చెయ్యాలి మరి" అన్నాడు కౌంటరు ఆయన.

మూడు దారులు! ఇంటికి వస్తూ ఆటోలో అదే ఆలోచించాను. మూడు తలుపులు పెట్టారు సరే, మూడింటికీ తాళంచెవి ఒకటే. ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు. వేలు బాగున్నవాళ్ళకి వేలు, గొంతు బాగున్నవాళ్ళకి గొంతు, ముఖం బాగున్నవాళ్ళకి ముఖం. అవన్నీ బాగుంటే నేను థెరపీ కేంద్రానికి ఎందుకు వస్తాను? జబ్బుమనుషులు వచ్చే చోట పెట్టే మిషనుకి జబ్బుమనిషిని ఒక్కసారైనా చూపించారా? పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, "ఈమె ఎస్తేరమ్మే, నాకు తెలుసు" అనే నాలుగో దారి ఎందుకు పెట్టలేదు? అది అన్నిటికంటే పాత దారి కదా.

అలా పదకొండు రోజులు తిరిగాం. రోజూ వెళ్ళడం, మూడుసార్లు ఓడిపోవడం, రావడం. ఆ రోజుల్లో గౌరి భోజనాల విరామంలో వరండాలోకి వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ వంచి మా ఆయనకు నేర్పేది. "నేను చేసినట్టు ఎవరికీ చెప్పకండి అంకుల్" అనేది. తన అన్నం తినే సమయం అది. దేవుడు ఆ అమ్మాయిని చల్లగా చూడాలి. కానీ పావుగంట వరండా థెరపీ గంట థెరపీ కాదు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. నాకు కనబడుతోంది. చెప్పలేదు.

ఇంట్లో మాటలు పెరిగాయి. పదో రోజు సాయంత్రం వదినగారు మా ఆయన్ని పట్టుకున్నారు.

"మగోడివి. ఆ కౌంటరోడి కాలరట్టుకుని అడగనేవురా?"

"కాలరట్టుకుంటే పంపేస్తారప్పా. అప్పుడేటి సేస్తాను?"

"ఇప్పుడేటి సేస్తన్నావు? తిప్పుతన్నావు. ఆటో కదా, తిప్పడమే తెలుసు నీకు."

ఆయన అన్నం ముందునుంచి లేచిపోయారు. నా వల్ల కదా అని నేను గోడవైపు తల తిప్పుకోబోయాను. తల కూడా సరిగా తిరగలేదు.

పన్నెండో రోజు కౌంటరు ఆయన మా మీద జాలిపడ్డాడు. జాలితోనే అన్నాడు, అది ఒప్పుకోవాలి. "ఒక పని చేయండి. కళ్ళు ఆర్పమన్నప్పుడు, మీరు వెనక నిలబడి వేళ్ళతో ఆవిడ రెప్పలు కిందికి లాగి వదిలేయండి. తీసుకుంటుందేమో."

మా ఆయన మొహం నల్లబడిపోయింది. అంతకు ముందు ఏడాది మా అత్తగారు పోయినప్పుడు ఆమె కళ్ళు మూసింది ఆయనే.

"అది సచ్చిపోయినోళ్ళకి సేసే పనండీ" అన్నారు.

"మిషనుకి ఏం తెలుసండీ?"

"నాకు తెలుసు కదండీ."

నేను ముడుచుకుంటున్న వేళ్ళు చూసుకున్నాను. "మూయండి" అన్నాను. నా ముక్కు మాట ఆయనకి అర్థమవుతుంది. వినబడనట్టు నిలబడ్డారు. "ఏవండీ, నా చేతులు కావాలి నాకు. మూయండి" అన్నాను.

ఆయన వేళ్ళు చల్లగా తగిలాయి. రెప్పలు కిందికి దిగాయి. చీకటి. మళ్ళీ వెలుగు. తెర పచ్చబడింది. "ధన్యవాదాలు. మీరు జీవించి ఉన్నట్టు నిర్ధారణ అయింది."

అందరూ చప్పట్లు కొట్టారు. కౌంటరు ఆయన, గౌరి, వదినగారు. మా ఆయన బయటికి వెళ్ళి ఆటో వెనక నిలబడ్డారు.

అక్టోబరు, నవంబరు

ఆ తరువాత రోజూ అదే. రోజూ ఉదయం భర్త చేత కళ్ళు మూయించుకుని, నేను బతికే ఉన్నానని మిషనుకి చూపించి లోపలికి వెళ్ళేదాన్ని. ఆయన మాటలు తగ్గిపోయాయి. రాత్రి రెప్పలకి ప్లాస్టరు అంటించే పని వదినగారికి అప్పగించేశారు. నేను అడిగితే, "వద్దు ఎస్తేరూ, రోజుకి ఒకసారి చాలు" అన్నారు.

కానీ థెరపీ జరిగింది. కాళ్ళు ముందు వచ్చాయి. తరువాత మాట తేటపడింది. ఒకరోజు గౌరి నా బొటనవేలు పట్టుకుని, "ఆంటీ, మీరే నొక్కుతున్నారు, నేను కాదు!" అని ఎగిరింది. నవంబరు రెండో వారంలో ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే సబ్బునీళ్ళు కంట్లో పడలేదు. నా రెప్ప నేనే మూశాను. వదినగారు అక్కడికక్కడే మోకరించారు. ఆవిడ ప్రార్థన ఎంతసేపైనా నాకు చాలలేదు ఆరోజు.

ఆ ఉదయమే జరిగింది ఇది.

కేంద్రానికి వెళ్ళేసరికి మా ముందు రోలుగుంట నుంచి వచ్చిన ఒక పెద్దాయన చక్రాల కుర్చీలో ఉన్నారు. చెరకు రైతట. నాలాంటి జబ్బే. ముఖం కదలడం లేదు. పక్కన ఆయన భార్య, నుదుటి నిండా బొట్టు. కౌంటరు ఆయన ఎంతో అనుభవంతో చెబుతున్నాడు. "భయం లేదమ్మా. వెనక నిలబడి కళ్ళు మూసి వదిలేయండి. ఇక్కడ అలాగే చేస్తాం. ఇదిగో, ఈ ఎస్తేరమ్మ గారిని అడగండి, రెండు నెలలుగా అలాగే వస్తున్నారు."

ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "నా సేత్తో మా ఆయన కళ్ళు నాను మూయను బాబూ. సంపినా మూయను. మీకు దండమెడతాను."

"అయితే ఈ రోజు హాజరు పడదమ్మా."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. పెద్దాయన రెప్ప వేయలేని కళ్ళతో ఆమెని చూస్తున్నారు.

అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. నా చేతుల కోసం నేను ఒప్పుకున్న పని ఈ చోట పద్ధతి అయిపోయింది. నా పేరు చెప్పి ఇంకొక ఆడదాన్ని చేయమంటున్నారు.

"ముందు మీరు కానివ్వండి ఎస్తేరమ్మ గారూ" అన్నాడు కౌంటరు ఆయన. మా ఆయన నన్ను మిషను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడబోయారు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. తెర మీద నా ముఖం వచ్చింది. పేరు వచ్చింది. "కళ్ళు ఆర్పండి" అంది.

ఆర్పలేదు.

"ఆర్పగలరు కదాంటీ, మీ వదినగారు చెప్పారు" అంది గౌరి తలుపు దగ్గర నుంచి.

"ఆర్పగలను. ఆర్పను" అన్నాను. "ఆ పెద్దాయన పేరు కాగితం మీద రాసుకుని లోపలికి పంపండి. తరువాత ఆర్పుతాను."

మూడు ప్రయత్నాలూ అయిపోయాయి. నేను కుర్చీలోంచి లేవలేదు. వెనక వరుస పెరిగింది. కౌంటరు ఆయన మేనేజరు గారిని పిలిచాడు. ఆయన మర్యాదస్తుడు. తన ఫోనులో నా లెక్క తెరిచి చూపించారు. రోజురోజుకీ పచ్చ గుర్తులు. "చూడండమ్మా, సెప్టెంబరు నుంచి మీకు ముఖంతో చక్కగా పడుతోంది. సిస్టమ్‌లో సమస్యే లేదు."

రెండు నెలలు నా భర్త పడిన బాధ అక్కడ పచ్చ గుర్తులైపోయింది. నేను ఎవరినీ గట్టిగా మాట అని ఎరగను. ఆరోజు అన్నాను.

"అందులో కనబడే రెప్ప నాది. దాన్ని దింపిన వేళ్ళు ఎవరివో మీ సిస్టమ్‌లో ఉందా బాబూ? శవానికి చేసే పని రోజూ బతికున్నదానికి చేయించి, చక్కగా పడింది అంటారా? మీ అమ్మగారి కళ్ళు రేపు మీ వేళ్ళతో మూసి ఆవిడని ఇక్కడికి తీసుకురండి. పచ్చ గుర్తు పడుతుంది. సంతోషిద్దురుగాని."

వదినగారు నెమ్మదిగా, "ఆమెన్" అన్నారు.

మేనేజరు గారు కౌంటరు ఆయన వైపు చూశారు. ఆయన కింది సొరుగు లాగాడు. లోపల ఒక ఫారాల కట్ట ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. పైన అచ్చు అక్షరాల్లో ఉంది: యంత్రం ద్వారా హాజరు వీలుకాని రోగులకు. పేరు, తోడు వచ్చినవారి పేరు, థెరపిస్టు సంతకం. అంతే.

అది అక్కడే ఉంది. పదకొండు రోజులూ ఉంది. మా ఆయన వేళ్ళు నా రెప్పల మీద పడిన ప్రతి ఉదయమూ ఉంది. ఎవరూ దాచలేదట. మిషను వచ్చాక అవసరం పడదనుకున్నారట.

గౌరి కవరు చింపింది. మొదటి కాగితం మీద రోలుగుంట పెద్దాయన పేరు రాసింది. రెండో దాని మీద నా పేరు రాయబోతే, మా ఆయన చెయ్యి చాపి పెన్ను తీసుకున్నారు. తోడు వచ్చినవారు అన్న చోట తన పేరు తానే రాసుకున్నారు. ఆ రెండు నెలల్లో ఆయన భార్యకి తోడుగా వచ్చారని ఎక్కడైనా రాసిన మొదటి కాగితం అది.

ఇప్పుడు

నడుస్తున్నాను. అన్నం కలుపుకుంటున్నాను. ఇది ఎడమచేత్తో కాదు, కుడిచేత్తోనే రాస్తున్నాను. కానీ చివరి రెండు వేళ్ళు తెరుచుకోలేదు. పొట్టు తీసే పనికి ఆ రెండు వేళ్ళే పప్పు పట్టుకోవాలి. పదకొండు రోజులు పోకుండా ఉంటే వచ్చేవా అని గౌరిని అడిగాను. ఆ అమ్మాయి అబద్ధం చెప్పదు. "చెప్పలేను ఆంటీ" అని, నా చెయ్యి వదలకుండా కూర్చుంది.

ఉన్న ఎనిమిది వేళ్ళకి రోజూ వందనాలు చెబుతున్నాను. లేని రెండింటికి కోపంగా ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో ఉండొచ్చా అని పాస్టరు అయ్యగారిని అడిగాను. ఉండొచ్చన్నారు.

చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మీ మనిషిని మిషను గుర్తుపట్టకపోతే మీ మనిషిని సరిచేయబోకండి. ఆ మనిషి గొంతుతో మీరు మాట్లాడకండి, వేలు అరగదీయకండి, కళ్ళు మీ చేత్తో మూయకండి. కౌంటరు ముందు కూర్చోండి. కింది సొరుగు తెరవమని అడగండి. తెరిచేదాకా లేవకండి.